ఈ వారం చూసినవి, విన్నవి, ఫోన్లోకి రాబోయి ఆగిపోయినవి

పాతరేడియో, విజయవాడ
శనివారం, డిసెంబరు 6, 2025, ఉదయం 7:40

కాఫీ అయింది, పేపరు అయింది. శనివారం ముచ్చట మొదలెడదాం. ఎప్పటిలాగే ఈ వారం ఏం చూశారో, ఏం విన్నారో, ఏం చదివారో రాయండి. ఫోన్ల మీద, యాప్‌ల మీద ఢిల్లీ నుంచి వచ్చే ఉత్తర్వుల సంగతులూ ఇక్కడే. ఈ వారం ఆ బుట్ట కాస్త బరువుగా ఉంది.

ముందు నా వంతు. సోమవారం మా బెజవాడ ఆకాశవాణి పుట్టినరోజు, 1948 డిసెంబరు 1న మొదలైంది. గురువారం ఘంటసాల జయంతి. ఇవాళ సావిత్రి పుట్టినరోజు. మూడూ ఒకే వారంలో పడితే నాలాంటివాడు ఊరుకుంటాడా? అటక మీంచి టేప్‌రికార్డరు దింపాను. బెల్టు సాగిపోయింది కాబోలు, ఘంటసాల మాస్టారు నిద్రలో పాడుతున్నట్టు వచ్చింది. బెల్టు తీసి రబ్బరుబ్యాండు వేశాను. ఈసారి బస్సు తప్పిపోతుందన్నట్టు పాడారు. మా ఆవిడ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి నవ్వి వెళ్ళింది. చివరికి మనవరాలి ఫోన్లో విన్నాం. సాయంత్రం గుండమ్మ కథ పెట్టుకుంటాం.

ఇక మీరు కానివ్వండి.

సెల్‌పాయింట్ మస్తాన్, గుంటూరు
ఉదయం 8:15

నమస్తే మాస్టారూ. నేను చూసిందేం లేదు, ఈ వారమంతా జనమే నన్ను చూశారు. మంగళవారం, బుధవారం షాపుకొచ్చిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న: "మస్తాన్ భాయ్, గవర్నమెంటు యాప్ వస్తుందంట కదా, మన మాటలు వింటారంటనా?" కొత్త ఫోను కొనేవాళ్ళు కూడా "ఆ యాప్ లేని స్టాకు ఉందా" అన్నారు. ఉన్నదంతా అదే స్టాకు నాయనా అన్నాను. శుక్రవారానికల్లా అంతా మర్చిపోయి మళ్ళీ కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సు అనే దగ్గరికొచ్చేశారు.

సుజాత_ఫ్రిస్కో, టెక్సస్
ఉదయం 8:32

ఇక్కడ ఇంకా శుక్రవారం రాత్రే. ఆ యాప్ కథ ఎవరైనా వరసగా చెప్పరూ? మా గ్రూపుల్లో ఒకరు వచ్చేసింది అంటారు, ఇంకొకరు తీసేశారు అంటారు. అమ్మకి ఫోన్ చేస్తే, సాథీ అంటే పెళ్ళిసంబంధాల యాప్ అనుకుంది.

గోడమీదపిల్లి, హైదరాబాద్
ఉదయం 9:05

చెప్తాను సుజాత గారూ. టెలికాం శాఖ నవంబరు 28 తేదీ వేసి ఫోన్ల కంపెనీలకి ఒక ఆదేశం పంపింది. పోయిన ఫోన్లనీ దొంగ సిమ్ములనీ పట్టుకోవడానికని సర్కారు చేసిన సంచార్ సాథీ యాప్ ఇక్కడ అమ్మే ప్రతి కొత్త ఫోనులోనూ ముందే వేసి ఉండాలి, 90 రోజులు గడువు. అప్పటికే తయారై షాపుల్లో ఉన్న ఫోన్లకి అప్‌డేట్‌తో పాటు పంపాలి. డిసెంబరు 1న ఇది బయటికొచ్చింది. 2న మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, వద్దనుకుంటే తీసేసుకోవచ్చు అన్నారు. 3న ముందే వేయాలన్న నిబంధననే వెనక్కి తీసుకున్నారు. మూడు రోజుల ముచ్చట.

నాకు ముల్లు గుచ్చుకున్నది ఒక్క చోటే. యాప్‌లోని సౌకర్యాలను ఆపడానికీ తగ్గించడానికీ వీల్లేకుండా చూడాలని ఆదేశంలో ఉంది. మంత్రిగారేమో తీసేసుకోవచ్చన్నారు. కాగితం మీద ఒకటి, మైకు ముందు ఇంకొకటి. రేపు గొడవైతే చెల్లేది కాగితమే కదా! యాప్ మంచిదా కాదా అన్నది నా గొడవ కాదు. నేను డబ్బు పెట్టి కొన్న ఫోన్లో నాకు తీసేసే వీలు లేనిది ఒకటి కూర్చుంటుందా అన్నదే.

సెల్‌పాయింట్ మస్తాన్, గుంటూరు
ఉదయం 9:30

పిల్లి గారూ, బలవంతం మీద మీరన్నది ఒప్పుకుంటా. యాప్‌ని మాత్రం ఏమీ అనొద్దు. సెకండ్‌హ్యాండ్ ఫోన్లు కొని అమ్మేవాడికి అది దేవుడు.

ఎవడో ఒకడు వస్తాడు. "అన్నా, అర్జెంటు, నాలుగు వేలిచ్చేయ్" అంటాడు. పెట్టె ఉండదు, బిల్లు ఉండదు. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు వస్తుంది. అది యాప్‌లో వేస్తే ఫోనుని బ్లాక్ చేశారో లేదో చెప్పేస్తుంది. యాప్ లేకపోయినా కేవైఎం అని ఇంగ్లిషులో కొట్టి, స్పేసిచ్చి, ఆ నంబరు 14422కి మెసేజ్ పెడితే సరిపోతుంది. మొన్నీమధ్య ఒకతను నేను అంకెలు కొడుతుండగానే "టీ తాగొస్తా అన్నా" అని లేచాడు. ఫోను నా బల్ల మీదే ఉండిపోయింది. అతను ఇంకా టీ తాగుతూనే ఉన్నాడు. ఫోను తీసుకెళ్ళి స్టేషన్‌లో ఇచ్చొచ్చాను.

ఐఎంఈఐ మార్చిస్తామని తిరిగేవాళ్ళకి ఒక మాట. 2023 టెలికాం చట్టంలో దానికి మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఇది నా షాపు గోడ మీద కూడా రాసి పెట్టాను.

సిద్దిపేట శీను, హైదరాబాద్
ఉదయం 10:10

మస్తాన్ అన్న మాట మీద నేను ఇప్పుడే దించుకున్నాను. అందులో మన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూపించేది ఒకటుంది. నావి రెండే. అదేమో మూడు చూపిస్తుంది! మూడోదాంట్లో నడుమ అంకెలు దాచిపెట్టారు, చివరి నాలుగు కనబడుతున్నాయి. నేనైతే ఎన్నడూ చూడని అంకెలు. "ఇది నా నంబరు కాదు" అని బటన్ ఉంది. నొక్కేయనా? టెన్షన్ అయితుంది. ఎవడన్నా నా ఆధార్ మీద సిమ్ తీసుకుని ఎవరికన్నా డిజిటల్ అరెస్టు ఫోన్లు కొడుతున్నాడేమో.

సెల్‌పాయింట్ మస్తాన్, గుంటూరు
ఉదయం 10:14

నొక్కకు తమ్ముడూ, ఆగు. ముందు ఇంట్లో అందరినీ అడుగు. నా దగ్గరికొచ్చే ఇలాంటి కేసుల్లో సగం ఎప్పుడో చెల్లెలికో మేనమామకో ఇప్పించి మర్చిపోయిన సిమ్ములే. నొక్కితే కంపెనీ మళ్ళీ వెరిఫికేషన్ అంటుంది, జవాబు లేకపోతే కట్ చేస్తుంది. ఒకరి పేరు మీద తొమ్మిది దాకా ఉండొచ్చు, మూడుకే కంగారు పడకు.

పాతరేడియో, విజయవాడ
ఉదయం 10:40

ఆ నంబర్లు చూపించే పోర్టల్ 2021 ఏప్రిల్‌లో మొదలైంది మన రెండు రాష్ట్రాల్లోనే. తయారుచేసింది మా బెజవాడ టెలికాం ఆఫీసు. ఢిల్లీ వాళ్ళు పేరు మార్చి సాథీలో కలుపుకున్నారు. మా ఊరి సరుకని చెప్పుకోవడానికి రాశాను, అంతే.

కోర్టుసెంటర్ జిరాక్స్, రాజమండ్రి
మధ్యాహ్నం 12:20

అందరూ సాథీ సాథీ అంటున్నారు గానీ అదే రోజు వచ్చిన రెండో ఉత్తర్వు సంగతి ఎవరూ మాట్లాడరేంటండీ? అది ఇంకా ఉంది, వెనక్కి తీసుకోలేదు. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై లాంటివన్నీ ఫోన్లో ఆ సిమ్ ఉంటేనే పనిచేయాలట. కంప్యూటర్లో తెరిచే వాట్సాప్ వెబ్ ఆరు గంటలకొకసారి దానంతటదే లాగౌట్ అయిపోవాలట.

నా షాపు నడిచేదే వాట్సాప్ వెబ్ మీద. పొద్దున తొమ్మిదికి తెరిస్తే రాత్రి తొమ్మిదికి మూస్తాను. వకాలత్, ఆధార్, పట్టాదారు పుస్తకం, పెళ్ళిపత్రిక, హాల్‌టికెట్టు, అన్నీ "అన్నా పంపించా, రెండు కాపీలు" అని అందులోనే వస్తాయి. ఇప్పుడు సరిగ్గా మూడింటికి, అంటే కోర్టు వాళ్ళంతా ఒకేసారి మీద పడే టైముకి, మిషను పక్కన పెట్టి ఫోను తీసి స్కాన్ చేసుకుంటూ కూర్చోవాలన్నమాట.

గోడమీదపిల్లి, హైదరాబాద్
మధ్యాహ్నం 12:55

నిజమే. అదీ నవంబరు 28దే, గడువు 90 రోజులు, అంటే ఫిబ్రవరి చివరికి. సర్కారు చెప్పే కారణం కొట్టిపారేసేదేం కాదు. ఇక్కడ సిమ్ కొని వాట్సాప్ తెరిచి, ఆ సిమ్ తీసేసి, దేశం బయట కూర్చుని అదే నంబరుతో మోసాలు చేస్తున్నారు. సిమ్ ఫోన్లో ఉండి తీరాలంటే ఆ దారి మూసుకుంటుందని వాళ్ళ లెక్క. మోసగాడు నిజం సిమ్ములే డబ్బాలకొద్దీ కొని పెట్టుకుంటే ఏం చేస్తారన్నది నా లెక్క.

సుజాత_ఫ్రిస్కో, టెక్సస్
సాయంత్రం 6:50

అమ్మో, నేను పొద్దున్నే లేచి చదివింది ఇదా! మా అమ్మానాన్న మార్చిలో వస్తున్నారు, ఆరు నెలలుంటారు. ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులందరిదీ ఒకటే పద్ధతి. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చాక ఇండియా సిమ్ తీసి, ఊడిపోకుండా పాస్‌పోర్టు కవరుకి టేపు వేసి అంటిస్తారు. ఇక్కడి సిమ్ వేస్తారు. వాట్సాప్ మాత్రం ఇండియా నంబరు మీదే. పిన్నులు, అక్కలు, గుడి గ్రూపు, అపార్ట్‌మెంటు గ్రూపు, అంతా దాంట్లోనే. అది ఆగిపోతే అమ్మకి అమెరికాలో ఊపిరాడదు.

సెల్‌పాయింట్ మస్తాన్, గుంటూరు
సాయంత్రం 7:15

అక్కా, రోమింగ్‌లో ఉన్నా పర్వాలేదు, సిమ్ ఫోన్లో ఉంటే చాలంటున్నారు. రెండు సిమ్ముల ఫోనైతే టేపు వేసి దాచుకోకుండా రెండో గూట్లో ఉంచమనండి. రీఛార్జి మాత్రం ఆపకూడదు, ఆపితే కొన్నాళ్ళకి నంబరే పోతుంది.

ఒక్క తిరకాసు ఉంది. మీరు అక్కడ ఐఫోన్ కొని అమ్మ చేతికిస్తారేమో. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 నుంచి సిమ్ పెట్టుకునే గూడే లేదు, ముక్క లేకుండా ఫోన్లోనే ఎక్కించుకునే ఈసిమ్ ఒక్కటే. అందుకని బయల్దేరే ముందే ఇక్కడ ఆవిడ నంబరుని ఈసిమ్ చేయించండి. అక్కడికెళ్ళాక చేయించుకోవాలంటే ఓటీపీ వచ్చే దారి లేక తిప్పలు పడతారు.

సుజాత_ఫ్రిస్కో, టెక్సస్
సాయంత్రం 7:22

ఐఫోన్ ఆల్రెడీ కొన్నాను. ఇచ్చి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా. థాంక్స్ మస్తాన్ గారూ, ఇప్పుడు ముందే చెప్పక తప్పదు.

సిద్దిపేట శీను, హైదరాబాద్
రాత్రి 9:40

ఇవన్నీ పక్కన పెట్టండి, వైజాగ్ మ్యాచ్ ఎవరన్నా చూశారా? తొమ్మిది వికెట్లతో కొట్టారు, జైస్వాల్ సెంచరీ! అన్నిటికంటే పెద్ద వార్త టాస్ గెలవడం. వరసగా 20 వన్డేల్లో ఓడిపోయిన టాస్ అది. రాహుల్ ఎడమ చేత్తో నాణెం ఎగరేశాడు. గెలిచినాక అతని మొహం చూడాలి, సిరీస్ గెలిచినోడికి కూడా అంత సంతోషం ఉండదు.

మా హాస్టల్ల ఒకడు శంషాబాద్‌లో రెండు రోజుల నుంచి ఫ్లైట్ కోసం కూర్చున్నాడు. మ్యాచ్ మొత్తం అక్కడనే ఛార్జింగ్ పాయింట్ కింద నేల మీద కూర్చుని చూశాడట.

పాతరేడియో, విజయవాడ
ఆదివారం, డిసెంబరు 7, ఉదయం 8:05

గుండమ్మ కథ పూర్తయింది. రుబ్బురోలు దగ్గర నిక్కరేసుకున్న ఎన్టీఆర్‌ని చూసి మా మనవరాలు "తాతా, ఈయన ముఖ్యమంత్రి అయ్యాడా నిజంగా?" అంది. ఆయనకది నూరో సినిమా, నాగేశ్వరరావుకి తొంభై తొమ్మిదోది. అంత పెద్ద హీరోలిద్దరూ సూర్యకాంతం పేరున్న సినిమాలో అణిగిమణిగి ఉన్నారు చూడండి, అది ఇప్పుడు జరిగే పనేనా? సావిత్రి అందులో ఎక్కువ మాట్లాడదు. దెబ్బలాడే సీన్లో కూడా తల వంచుకుని పళ్ళెం తుడుస్తున్నట్టు ఉండి కంటి చివరతో మొత్తం చెప్పేస్తుంది.

అసలు సంగతి ఇది. సినిమా అయ్యాక నేను హార్మోనియం తీసి అందులో ఒక పాట వాయిస్తూ పాడాను. మనవరాలు వీడియో తీసి నెట్‌లో పెట్టింది. గంట తిరక్కుండా నోటీసు వచ్చింది, ఏదో కంపెనీ హక్కులు తమవంటోంది. 1962 సినిమా! నా గొంతు, నా హార్మోనియం, మా వసారా. వెనకాల మా కుక్క కూడా మొరిగింది. వాళ్ళవి హక్కులేంటి? నల్లకోటు గారూ, మీరే చెప్పాలి.

నల్లకోటు, హైదరాబాద్
ఉదయం 10:30

మాస్టారూ, చెప్తే మీకు కోపమొస్తుంది. సినిమా స్వేచ్ఛగానే ఉంది, మీ పాటే చిక్కులో ఉంది.

మన కాపీరైట్ చట్టం 1957ది. సినిమాకి హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. గుండమ్మ కథ 1962 జూన్‌లో వచ్చింది. అంటే 2022 డిసెంబరు 31తో అయిపోయింది. సౌండ్ రికార్డింగుకీ అదే లెక్క. కానీ పాట అంటే రికార్డింగు ఒక్కటే కాదు. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి. ఈ రెండింటికీ లెక్క వేరు, రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో, కాబట్టి సాహిత్యం 2031 చివరిదాకా. ఘంటసాల గారు 1974లో, కాబట్టి బాణీ 2034 చివరిదాకా. హక్కు నిర్మాతకి అమ్మేసినా, నిర్మాత ఇంకెవరికో అమ్మేసినా, గడువు కొలిచేది మాత్రం రాసినవారి ఆయుష్షుతోనే.

మీరు పాడింది సాహిత్యం, వాయించింది బాణీ. రెండూ బందీలే. మీ గొంతుతో పాడినంత మాత్రాన విడుదల కావు.

పాతరేడియో, విజయవాడ
ఉదయం 10:52

కోపం కాదు, నవ్వొచ్చింది. ఘంటసాల జయంతి వారంలో ఘంటసాల బాణీ పాడితే ఘంటసాల పోయిన సంవత్సరం చూపించి ఆపారన్నమాట. మరి ఆ డబ్బు ఆయన ఇంటికి వెళ్తుందా?

నల్లకోటు, హైదరాబాద్
ఉదయం 11:20

ఎవరు ఎవరికి ఏం రాసిచ్చారో ఆ కాగితాలు చూస్తే గానీ చెప్పలేం. 2012 సవరణ తర్వాత పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కు వచ్చింది. అంతకు ముందు జరిగిన ఒప్పందాల తలనొప్పి వేరే.

ఇంకో మాట. మీకొచ్చింది కోర్టు తీర్పు కాదు, యంత్రం పోల్చి చూసి పంపిన చీటీ. కంపెనీ తన జాబితాలో ఒక పాట ఎక్కిస్తుంది, యంత్రం దానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. త్యాగరాజ కీర్తన పాడినవాళ్ళకి కూడా ఇలా వస్తుంటుంది, అక్కడ మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పి గెలవచ్చు. ఇక్కడ చెప్పమని మీకు సలహా ఇవ్వను.

ఈ 60 వెనక కథ తెలుసా? మొదట చట్టంలో 50 ఏళ్ళే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కదా, 1991 చివరికి ఆయన రచనలు అందరివీ అయిపోయేవి. సరిగ్గా ఆ వేళకి పదేళ్ళు పెంచారు. ఆ పదేళ్ళు ఠాగూర్‌తో పాటు మన వాళ్ళందరికీ అంటుకున్నాయి. శ్రీశ్రీ 1983లో పోయారు, 2033 చివర అందరివాడయ్యేవాడు, ఇప్పుడు 2043 దాకా ఆగాలి.

లెక్కల టీచర్, నెల్లూరు
మధ్యాహ్నం 2:15

అందుకే నేను పాతవాళ్ళని పట్టుకుంటాను. అడివి బాపిరాజు 1952లో పోయారు, ఆయన పుస్తకాలకి 2012తోనే గడువు తీరింది. ఈ వారం నారాయణరావు చదువుతున్నా. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో వేయిపడగలతో కలిసి బహుమతి పంచుకున్న నవల. నెట్‌లో స్కాన్ దొరికింది. ఎవరో గ్రంథాలయం స్టాంపు నాయకుడి పేరు మీదే కొట్టారు. ఒక పేజీలో స్కాన్ చేసినతని బొటనవేలు కూడా పడింది. కథ నెమ్మదిగా నడుస్తుంది, బొమ్మలు వేసేవాడు రాశాడని తెలిసిపోతుంది, చీర అంచు దగ్గర ఆగితే ఒక పేరా అక్కడే. నాకు నచ్చింది. తొందరున్నవాళ్ళు దూరంగా ఉండండి.

కోర్టుసెంటర్ జిరాక్స్, రాజమండ్రి
మధ్యాహ్నం 3:30

హక్కుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా లాయరు గారూ. మా కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూశాను ఇవాళ. ఊళ్ళో సగం మంది ఆధార్ కార్డులు అందులో ఉన్నాయి. 2019 నాటి పెళ్ళిపత్రిక కూడా ఉంది, ఆ జంట మొన్న విడాకుల కాగితాలకి నా దగ్గరికే వచ్చారు. ఈ కొత్త డేటా చట్టం నాలాంటివాడికి కూడా తగులుతుందా?

నల్లకోటు, హైదరాబాద్
సాయంత్రం 4:10

అక్షరాలా చదివితే తగులుతుంది. చట్టం 2023ది, నిబంధనలు పోయిన నెల 14న గెజెట్‌కెక్కాయి. అసలు బాధ్యతలన్నీ 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి. పని అయిపోయాక ఇతరుల వివరాలు ఉంచుకోకూడదన్నది అందులో ముఖ్యమైన ముక్క. జరిమానా పైకప్పు 250 కోట్లు. అది మీకు వేస్తారని కాదు.

కానీ ఒక ముక్కకి మాత్రం 18 నెలలు ఆగలేదు. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అని ఒక సెక్షన్ ఉంది. వ్యక్తిగత వివరమైనా ప్రజలకి అవసరమైతే ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. ఆ మాట తీసేశారు, అదీ నోటిఫికేషన్ రోజు నుంచే. 8(2) కింద ప్రజాప్రయోజనం అడగొచ్చు, కాదనను. కానీ మండలాఫీసులో అర్జీ పెట్టినవాడికి ఇకనుంచి మొదట వచ్చే జవాబు "వ్యక్తిగతం, ఇవ్వం" అనే. మన వివరాలు కాపాడే బాధ్యతకి ఏడాదిన్నర, వాళ్ళ వివరాలు దాచుకునే హక్కుకి ఒక్క పూట కూడా ఆగలేదు. నాకు ఈ వారం వార్తలన్నిటికన్నా ఇదే ఎక్కువ మండుతోంది.

కోర్టుసెంటర్ జిరాక్స్, రాజమండ్రి
సాయంత్రం 4:25

250 కోట్లకి నా మిషన్లన్నీ అమ్మినా చాలవు గానీ, ఆ ఫోల్డరు మొత్తం కొట్టేశాను. రీసైకిల్ బిన్ కూడా. కంప్యూటరు కాస్త స్పీడయింది.

సిద్దిపేట శీను, హైదరాబాద్
సాయంత్రం 5:00

పాత సినిమా సంగతి సరే, కొత్త సినిమా సంగతి చెప్పండి. నవంబరులో ఐబొమ్మ నడిపేటోణ్ణి పోలీసులు పట్టుకున్నాక మా హాస్టల్‌లో శుక్రవారం వస్తే సంతాప సభలాగుంది. తప్పే, ఒప్పుకుంటా. కానీ నలుగురం మల్టీప్లెక్సుకి పోతే పాప్‌కార్న్‌తో కలిపి ఎంతయితుందో మీకు తెలుసు.

సెల్‌పాయింట్ మస్తాన్, గుంటూరు
సాయంత్రం 5:20

ఒకప్పుడు మెమరీ కార్డు తెచ్చి "అన్నా, సినిమాలు ఎక్కించు" అనేవాళ్ళు ప్రతి సెల్ షాపులో. నేను ఎక్కించలేదంటే మీరెవరూ నమ్మరు కాబట్టి ఆ మాట అనను.

నల్లకోటు, హైదరాబాద్
సాయంత్రం 5:41

మస్తాన్ గారూ, ఆ మాట ఇకముందు కూడా అనకండి. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణలో దొంగ కాపీకి మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు ఉంది.

మెల్‌బోర్న్ మూర్తి
సోమవారం, డిసెంబరు 8, ఉదయం 6:10

ఎల్లుండి నుంచి మా ఇంట్లో కర్ఫ్యూ. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు బంద్. చట్టం పోయినేడాది నవంబరులోనే అయింది, అమలు ఈ 10 నుంచి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ అన్నీ కలిపి పది. పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష లేదు, ఖాతాలు ఆపకపోతే కంపెనీకి 4 కోట్ల 95 లక్షల డాలర్ల దాకా జరిమానా. వాట్సాప్ జాబితాలో లేదు. యూట్యూబ్ కూడా లాగిన్ కాకుండా చూడొచ్చు.

మా అమ్మాయికి 14. నిన్న రాత్రి స్నేహితులంతా ఫోన్ నంబర్లు నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకున్నారు, మనం పదో తరగతి ఆఖరి రోజున ఆటోగ్రాఫ్ పుస్తకాలు పట్టుకు తిరిగినట్టు. చూసి నాకు ముచ్చటేసింది. తను మాత్రం నాతో మాట్లాడట్లేదు, చట్టం నేనే చేశానన్నట్టు.

లెక్కల టీచర్, నెల్లూరు
రాత్రి 8:30

మూర్తి గారూ, మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు రీల్స్ చేస్తాడు. ఖాతా ఎలా తెరిచావురా అంటే "పుట్టిన సంవత్సరం 2000 అని పెట్టా టీచర్, అప్పుడు 25 వస్తుంది కదా" అన్నాడు. యూనిట్ టెస్టులో తీసివేతలు తప్పు చేసినవాడు. ఈ ఏడాది వాడు తప్పు లేకుండా చేసిన లెక్క అదొక్కటే.

మన కొత్త డేటా చట్టంలో 16 కాదు, 18 లోపు అందరికీ తల్లిదండ్రుల అనుమతి కావాలంట. అదీ నిజంగా తల్లిదండ్రులే ఇచ్చారని కంపెనీ తేల్చుకోవాలి. మా బళ్ళో చాలామంది ఇళ్ళల్లో ఉండేది ఒక్క ఫోను. అది అమ్మది. ఓటీపీ వచ్చేది అందులోనే, చదివి చెప్పేది పిల్లాడే. అనుమతి అడిగేదీ వాడే, ఇచ్చేదీ వాడే. అందుకే ఆ నిబంధన రాసినవాళ్ళు ఒక్కరోజు మా స్టాఫ్‌రూమ్‌కి రావాలని నా కోరిక.

గోడమీదపిల్లి, హైదరాబాద్
మంగళవారం, డిసెంబరు 9, ఉదయం 9:15

చిన్న వార్త పెట్టి పోతాను. శుక్రవారం నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు వార్నర్ బ్రదర్స్ స్టూడియోనీ హెచ్‌బీఓనీ కొంటున్నామన్నారు, అప్పులతో కలిపి 82.7 బిలియన్ డాలర్లు. నిన్న పారామౌంట్ వాళ్ళు మధ్యలో దూరి, మేం కంపెనీ మొత్తానికీ షేరుకి 30 డాలర్లు ఇస్తామని నేరుగా వాటాదారులనే అడిగారు. పెళ్ళి కుదిరాక పీటల మీదికి ఇంకో సంబంధం వచ్చినట్టుంది. ఎవరు కట్టుకున్నా చివరికి మన నెలవారీ చందానే పెరుగుతుందని నా అనుమానం.

సుజాత_ఫ్రిస్కో, టెక్సస్
మంగళవారం, రాత్రి 7:40

అమ్మ ఈసిమ్‌కి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది, పాత సిమ్ పారేయకుండా దేవుడి గూట్లో పెట్టుకుంటుందట.

శీను తమ్ముడూ, నీ మూడో నంబరు ఏమైంది?

సిద్దిపేట శీను, హైదరాబాద్
మంగళవారం, రాత్రి 10:05

దొరికింది అక్కా. మొన్న ఆదివారం ఫోన్ చేసి అడిగితే అమ్మది కాదు, చెల్లెది కాదు, మా బావది కాదు. బాపు ఫోన్ ఎత్తలేదు. ఇవాళ పొద్దున్నే మళ్ళీ చేసి చివరి నాలుగు అంకెలు చదివాను. "ఆగు" అని లోపలికి పోయి క్యాలెండర్ తిప్పుతున్న చప్పుడు వినబడింది. గోడకి తగిలించిన పాత క్యాలెండర్ వెనుక రాసి పెట్టుకున్నాడట.

"అది మన బోరు మోటారు నంబరురా" అన్నాడు.

పొలం కాడ సెల్ స్టార్టర్ డబ్బాల ఉన్న సిమ్ అది. మూడేండ్ల కింద నేనే నా ఆధార్ ఇచ్చి ఇప్పించాను. రాత్రిపూట పాముల భయానికి బాపు ఇంట్లనే మంచం మీద పండుకుని దానికి ఫోన్ కొట్టి మోటారు బంద్ చేస్తాడు. నేను శనివారం ఆ బటన్ నొక్కి ఉంటే ఇప్పుడు యాసంగి నారుమడికి నీళ్ళు పెట్టనీకి బాపు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పోవాల్సి వచ్చేది.

మస్తాన్ అన్నా, ఒక డౌటు. వాట్సాప్‌కి పెట్టినట్టు ఈ మోటారుకి కూడా ఏమన్నా రూలు వస్తదా?

సెల్‌పాయింట్ మస్తాన్, గుంటూరు
మంగళవారం, రాత్రి 10:12

మోటారుకి సిమ్ ఎప్పుడూ లోపలే ఉంటుంది కదా తమ్ముడూ, దాన్నెవరూ ఏమీ అనరు. రీఛార్జి ఎప్పుడు అయిపోతుందో చూసుకో. అది కూడా ఆ క్యాలెండర్ వెనకే రాయమను.